పాత సర్వర్‌ని రెప్లికా హోస్టుగా పెట్టొచ్చా? ఏడు వర్చువల్ మెషిన్ల కేసు

ఒక మధ్యస్థాయి సంస్థ. ప్రధాన కార్యాలయంలో ఒకే హోస్టు సర్వర్, దాని మీద ఏడు వర్చువల్ మెషిన్లు (వీఎంలు, అంటే ఒకే సర్వర్ లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచేవి): డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లనీ సరిచూసేది), ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్, అకౌంట్స్ అప్లికేషన్, ఫైల్ సర్వర్, లినక్స్ మీద నడిచే వెబ్ పోర్టల్, ప్రింట్ సర్వర్, హాజరు నమోదు చేసే పాత సాఫ్ట్‌వేర్. రెండో కార్యాలయంలో పాత సర్వర్ ఒకటి పెద్దగా పనిలేకుండా పడి ఉంది. రెండు చోట్లకీ మధ్య 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) లింకు. యాజమాన్యం అడిగింది సూటిగానే ఉంది: "ఇక్కడి సర్వర్ పోతే గంటలోపు అక్కడ పని మొదలవ్వాలి. పోయే డేటా ఐదు నిమిషాలకు మించకూడదు. కొత్త సర్వర్ మాత్రం కొనం."

మొదటి రెండు కోరికలూ మూడోదానితో ఎంతవరకు పొసుగుతాయో తేల్చడమే మా పని. వాడబోయేది హైపర్-వీ రెప్లికా. హైపర్-వీ అంటే విండోస్‌లో వీఎంలని నడిపే భాగం. ఒక హోస్టు (ప్రైమరీ) మీది వీఎంల కాపీని ఇంకో హోస్టు (రెప్లికా) మీద ఎప్పటికప్పుడు తాజాగా ఉంచడం రెప్లికా పని. ఇది విండోస్ సర్వర్ 2012 నుంచి ఉన్న సదుపాయం. దీనికి షేర్డ్ స్టోరేజ్ (రెండు హోస్టులూ కలిసి వాడే డిస్కులు) అక్కర్లేదు, క్లస్టర్ (ఒకే జట్టుగా నడిచే సర్వర్లు) అక్కర్లేదు, రెండు హోస్టుల హార్డ్‌వేర్ ఒకేలా ఉండనక్కర్లేదు. ఈ మాట వినగానే "అయితే ఏ డబ్బా అయినా చాలన్నమాట" అంటారు. రెప్లికేషన్ ఆన్ అవడానికి నిజంగానే ఏ డబ్బా అయినా చాలు. చిక్కంతా తర్వాతే. ఫెయిలోవర్ రోజున, అంటే ప్రైమరీ పోయి పని అవతలికి మారిన రోజున, కావాల్సిన వీఎంలన్నీ ఆ డబ్బా మీదే లేవాలి. మరుసటి వారం అదే ప్రైమరీ అయి, బాగుచేసిన పాత హోస్టుకు వెనక్కి రెప్లికేట్ చేయాలి. అందుకే రిక్వైర్‌మెంట్స్ జాబితాని మూడు పనుల కోసం మూడుసార్లు చదివాం: రోజువారీ రెప్లికేషన్‌కి, ఫెయిలోవర్‌కి, తిరుగు రెప్లికేషన్‌కి.

హోస్టు

ప్రాసెసర్ విషయం త్వరగానే తేలింది. 64-బిట్ ప్రాసెసర్, అందులో హైపర్-వీకి కావాల్సిన సదుపాయాలు (ఇంటెల్ వీటీ లేదా ఏఎమ్‌డీ-వీ, ఎస్‌ఎల్‌ఏటీ, డీఈపీ) ఉండాలి. బయోస్‌లో అవి ఆన్ చేసి ఉండాలి. ప్రైమరీ ఇంటెల్, రెప్లికా ఏఎమ్‌డీ. "బ్రాండ్లు వేరు కదా, కుదురుతుందా?" అని అక్కడి ఐటీ బృందం టెన్షన్ పడింది. లైవ్ మైగ్రేషన్ అయితే కుదరదు, ఎందుకంటే నడుస్తున్న వీఎంని నడుస్తుండగానే పంపాలి. రెప్లికాలో వీఎం అవతల మొదటినుంచి బూట్ అవుతుంది కాబట్టి బ్రాండ్ అడ్డం రాదు.

అడ్డం వచ్చింది కోర్ల లెక్క. అకౌంట్స్ అప్లికేషన్ వీఎంకి ఎవరో ఎప్పుడో ఉదారంగా 24 వర్చువల్ ప్రాసెసర్లు ఇచ్చారు. రెప్లికా హోస్టులో ఉన్నవే 16 లాజికల్ ప్రాసెసర్లు. హోస్టుకు ఉన్నవాటికన్నా ఎక్కువ వర్చువల్ ప్రాసెసర్లు అడిగే వీఎంని హైపర్-వీ స్టార్ట్ చేయదు. రెప్లికేషన్ మాత్రం హాయిగా నడుస్తుంది, హెల్త్ పచ్చగా కనిపిస్తుంది. అసలు అవసరం పడ్డ రోజున వీఎం లేవదు. కొన్నాళ్లు వాడకం గమనిస్తే ఆ వీఎం 10 ప్రాసెసర్ల పని కూడా చేయట్లేదు. రెప్లికా కాపీకి 12 ఇచ్చాం.

ఇక్కడ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మొదటిసారి రెప్లికేషన్ ఆన్ చేసినప్పుడు వీఎం సెట్టింగులు అవతలికి వెళ్తాయి. ఆ తర్వాత ప్రైమరీలో మెమరీ, ప్రాసెసర్లు మార్చినా ఆ మార్పు అవతలికి పోదు. ఇది ఇబ్బందీ, సౌకర్యమూ రెండూనూ. ఇటు పెంచినప్పుడల్లా అటు చేతితో పెంచాలన్నది ఇబ్బంది. రెప్లికా కాపీని కావాలనే చిన్నగా ఉంచుకోవచ్చన్నది సౌకర్యం. ఈ కేసు మొత్తం ఆ సౌకర్యం మీదే నిలబడింది.

ఎందుకంటే మెమరీ అసలు సరిపోలేదు. ప్రైమరీలో ఏడు వీఎంలకు ఇచ్చింది 124 జీబీ. రెప్లికా హోస్టులో ఉన్నదే 96. అందులో హోస్టు ఆపరేటింగ్ సిస్టమ్‌కి 8 పక్కన పెట్టాం. మిగిలిన 88లో ఎవరికెంత అన్నది మా చేతిలో లేదు, అది అకౌంట్స్ విభాగం చెప్పాల్సిన విషయం. వాళ్లతో కూర్చున్నాక తేలిందిది: డేటాబేస్‌కి 48 బదులు 36, అప్లికేషన్‌కి 32 బదులు 20, ఫైల్ సర్వర్‌కి 12, పోర్టల్‌కి 8. వీటికి తోడు ఎప్పుడూ అక్కడే నడిచే ఇంకో డొమైన్ కంట్రోలర్‌కి 4. మొత్తం 80. మిగిలిన 8ని ఎవరికీ ఇవ్వలేదు. ప్రింట్ సర్వర్, హాజరు వీఎం ఆ రోజు లేవవు. ఈ మాట కాగితం మీద రాసి యాజమాన్యంతో సంతకం పెట్టించుకున్నాం. అలా రాసుకోకపోతే ఫెయిలోవర్ రోజున మొదటి ఫోను "ప్రింట్లు రావట్లేదు" అనే వస్తుంది.

డేటాబేస్ వీఎం మెమరీ తగ్గించి ఊరుకుంటే సరిపోదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గరిష్ఠ మెమరీ సెట్టింగ్ 42 జీబీ అని ఉంది. 36 జీబీ వీఎంలో అది 42 తీసుకోవాలని చూస్తే విండోస్ పేజింగ్‌లో (మెమరీ చాలక డిస్కుని మెమరీలా వాడటంలో) పడి మొత్తం నత్తనడక అవుతుంది. ఫెయిలోవర్ అయ్యాక ఆ సంఖ్యని 30కి దించే చిన్న స్క్రిప్టు రాసి, ఫెయిలోవర్ రోజు పనుల వరస చెప్పే కాగితంలో దాన్ని కూడా చేర్చాం.

ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ దగ్గర బేరం లేదు. ప్రైమరీ విండోస్ సర్వర్ 2022, రెప్లికా 2019. 2022లో పుట్టిన వీఎంల కాన్ఫిగరేషన్ వెర్షన్ (వీఎం సెట్టింగుల ఫైళ్ల తరం) 10.0. 2019 గుర్తించగలిగేది 9.0 దాకానే. వెర్షన్ పెంచుకోవచ్చు గానీ దించడానికి దారి లేదు. రెప్లికా హోస్టులో ఎలాగూ విలువైనదేమీ లేదు కాబట్టి దాన్ని చెరిపి 2022 వేశాం. పాతదాని నుంచి కొత్తదానికి పంపొచ్చు, కొత్తదాని నుంచి పాతదానికి పంపలేం. తిరుగు రెప్లికేషన్ కూడా కావాలంటే రెండూ ఒకే వెర్షన్‌లో ఉండటమే మేలు.

డిస్కులు, రాతల వేగం

నా దృష్టిలో మిగతా రిక్వైర్‌మెంట్స్ అన్నీ ఒక ఎత్తు, రాతల వేగం ఒక ఎత్తు. వీఎం డిస్కు ఎంత పెద్దదన్నది మొదటి కాపీకే ముఖ్యం. ఆ తర్వాత రోజూ లింకు మీద పోయేది మారిన డేటా మాత్రమే. హైపర్-వీ ప్రతి డిస్కుకూ హెచ్‌ఆర్‌ఎల్ అనే లాగ్ ఫైల్ పెట్టి, అందులో రాతలు పోగేసి, ఎంచుకున్న వ్యవధికి ఒకసారి (30 సెకన్లు, 5 నిమిషాలు లేదా 15 నిమిషాలు) అవతలికి పంపుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "డేటా ఎంత ఉంది?" అని కాదు, "ఐదు నిమిషాల్లో ఎంత రాస్తున్నారు?" అని.

లెక్క ఇలా వేశాం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, ఐదు నిమిషాలకు 3,750 మెగాబైట్లు. కానీ అదే లింకు మీద రెండో కార్యాలయం వాళ్ల పని కూడా నడుస్తుంది. హైపర్-వీ రెప్లికాకి తనంతట తాను వేగం తగ్గించుకునే సెట్టింగ్ లేదు. విండోస్ క్యూఓఎస్ పాలసీతో (నెట్‌వర్క్ వేగానికి హద్దు పెట్టే సెట్టింగ్) రెప్లికేషన్ వాడే పోర్టుకు పగటిపూట 60 ఎంబీపీఎస్ హద్దు పెట్టాం. అంటే సెకనుకు 7.5, ఐదు నిమిషాలకు 2,250 మెగాబైట్లు. ట్రాఫిక్‌ని కంప్రెస్ చేసే ఆప్షన్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. దాన్ని మేం లెక్కలో కలపలేదు, లాభం వస్తే వచ్చిందనుకున్నాం.

తర్వాత పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో ఒక్కో వర్చువల్ డిస్కు రాతల వేగాన్ని నెలాఖరు కూడా కలిసేలా నమోదు చేశాం. పగలంతా అన్ని వీఎంలూ కలిపి సగటున సెకనుకు 2 నుంచి 4 మెగాబైట్ల మధ్య ఉన్నాయి. ఆ వేగానికి లింకు సులువుగా సరిపోతుంది. రాత్రి మాత్రం గ్రాఫ్ నిట్టనిలువుగా లేచింది. విషయం తవ్వితే, ఎస్‌క్యూఎల్ సర్వర్ రోజూ రాత్రి 60 జీబీ బ్యాకప్ ఫైల్‌ని డేటా ఉన్న అదే డిస్కులో రాస్తోంది. ఈ 60 జీబీ అవతలికి పోవాలంటే లింకు మొత్తం ఇచ్చేసినా 80 నిమిషాలు. అంతసేపు రెప్లికా అంత వెనకబడి ఉంటుంది. పైగా లాగ్ ఫైల్ డిస్కు సైజులో సగానికి చేరితే హైపర్-వీ లాగ్ పంపడం మానేసి రీసింక్రనైజేషన్ అడుగుతుంది. అంటే రెండు వైపులా డిస్కు మొత్తం చదివి, తేడాలు పోల్చి పంపడం. డిస్కులకూ లింకుకూ అది పెద్ద శ్రమ.

బ్యాకప్ ఫైల్‌కి రెప్లికేషన్ అక్కర్లేదు. అది వేరే దారిలో వేరే చోటుకి వెళ్తూనే ఉంది. కొత్త వీహెచ్‌డీఎక్స్ (వర్చువల్ డిస్కు ఫైల్) ఒకటి తగిలించి బ్యాకప్ అందులోకి మళ్లించాం. రెప్లికేషన్ ఆన్ చేసేటప్పుడు ఏ డిస్కులు పంపాలో ఎంచుకునే తెరలో దానికి టిక్ తీసేశాం. అదే ఊపులో టెంప్‌డీబీని (ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడే తాత్కాలిక డేటాబేస్) కూడా 'టీ' డ్రైవ్‌గా వేరే డిస్కులో పెట్టి దాన్నీ వదిలేశాం. సర్వర్ మొదలైన ప్రతిసారీ టెంప్‌డీబీ కొత్తగా పుడుతుంది, దాన్ని మోసుకెళ్లడం దండగ.

వదిలేసిన డిస్కు అవతల ఉండదన్నది ఇందులో మెలిక. టెస్ట్ ఫెయిలోవర్‌లో (ప్రైమరీని ఆపకుండా రెప్లికా కాపీని లేపి చూసే పరీక్షలో) విండోస్ బాగానే లేచింది, ఎస్‌క్యూఎల్ సర్వీస్ మాత్రం లేవలేదు. ఎర్రర్ లాగ్ తెరిస్తే 'టీ' డ్రైవ్ దారి దొరకట్లేదని ఉంది. టెంప్‌డీబీ ఫైళ్లని అది తనే సృష్టించుకుంటుంది గానీ డ్రైవ్‌నీ ఫోల్డర్‌నీ సృష్టించుకోదు. అందుకని రెప్లికా హోస్టులో ఖాళీ వీహెచ్‌డీఎక్స్‌ని ముందే ఫార్మాట్ చేసి, అదే ఫోల్డర్ పేరుతో సిద్ధంగా ఉంచాం. ఫెయిలోవర్ స్క్రిప్టు దాన్ని వీఎంకి తగిలించి, 'టీ' అక్షరం ఇచ్చి, ఆ తర్వాతే సర్వీస్‌ని స్టార్ట్ చేస్తుంది. డిస్కుల్ని మినహాయించే ప్రతివాళ్లూ కనీసం ఒక్కసారి టెస్ట్ ఫెయిలోవర్ చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

డేటాబేస్ వీఎంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. డేటా ఫైల్ ఒక వీహెచ్‌డీఎక్స్‌లో, ట్రాన్సాక్షన్ లాగ్ ఇంకోదాంట్లో ఉన్నాయి. అవతలికి చేరిన రెండు డిస్కులూ ఒకే క్షణానికి చెందినవి కాకపోతే డేటాబేస్ తెరుచుకోకపోవచ్చు. అన్ని డిస్కుల మధ్యా రాతల వరస కాపాడే ఆప్షన్ పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు ఇచ్చే చోట) ఉంది: 'ఎనేబుల్ రైట్ ఆర్డర్ ప్రిజర్వేషన్ అక్రాస్ డిస్క్స్'. మామూలు విజార్డ్‌లో కనపడదు కాబట్టి చాలాచోట్ల ఎవరూ పెట్టరు.

హాజరు వీఎంది వేరే కథ. దానికి పాస్‌త్రూ డిస్కు ఇచ్చారు, అంటే భౌతిక డిస్కునే నేరుగా తగిలించారు. రెప్లికా దాన్ని ముట్టుకోదు. ఫెయిలోవర్‌లో దానికి ఎలాగూ చోటు లేదు కాబట్టి వీహెచ్‌డీఎక్స్‌గా మార్చే పని వాయిదా వేశాం. బ్యాకప్ చాలనుకున్నాం.

స్థలం లెక్కకి వస్తే, రెప్లికాలో వీఎం డిస్కులు పట్టే చోటు కాక రికవరీ పాయింట్లకి (వెనక్కి వెళ్లగలిగే పాత క్షణాల కాపీలకి) కూడా చోటు కావాలి. గంటకొకటి చొప్పున 24 దాకా పెట్టుకోవచ్చు. యాజమాన్యం 24 అడిగింది. ఒక్కో పాయింట్ ఒక తేడా డిస్కు, అంటే మారినవి మాత్రమే ఉండే ఫైల్. అవి ఎక్కువయ్యేకొద్దీ రెప్లికా హోస్టు డిస్కుల మీద చదవడం, రాయడం, కలపడం పెరుగుతాయి. అక్కడున్నవి పాత తిరిగే డిస్కులు. డేటాబేస్‌కి 6, ఫైల్ సర్వర్‌కి 4, మిగతావాటికి తాజా పాయింట్ ఒక్కటే చాలన్నాం. డేటాబేస్‌కి నాలుగు గంటలకోసారి వీఎస్‌ఎస్‌తో (విండోస్ స్నాప్‌షాట్ సేవ) అప్లికేషన్ కన్సిస్టెంట్ పాయింట్ కూడా పెట్టాం, అంటే డేటాబేస్ తన రాతలు సర్దుకున్నాక తీసేది. నెలరోజుల కిందటి ఫైల్ కావాలంటే అది బ్యాకప్ పని. తప్పుగా చెరిపిన టేబుల్‌ని రెప్లికా ఐదు నిమిషాల్లో అవతల కూడా నిక్షేపంగా చెరిపేస్తుంది.

మొదటి కాపీ పంపాల్సిన డిస్కులు మొత్తం 2.4 టీబీ. లింకు పూర్తిగా ఇచ్చినా 53 గంటలు, పగటి హద్దుతో ఇంకా ఎక్కువ. బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన ఎక్స్‌టర్నల్ డిస్కులో ఎక్స్‌పోర్ట్ చేసి, కారులో తీసుకెళ్లి అవతల ఇంపోర్ట్ చేశాం. ఈలోపు మారినవన్నీ లాగ్‌లో పోగవుతుంటాయి కాబట్టి ప్రైమరీ డిస్కులో ఖాళీ ఉందో లేదో ముందే చూసుకున్నాం. యాంటీవైరస్‌కి వీహెచ్‌డీఎక్స్, ఏవీహెచ్‌డీఎక్స్ (తేడా డిస్కులు), హెచ్‌ఆర్‌ఎల్ ఫైళ్లని, హైపర్-వీ ప్రాసెస్‌లని మినహాయింపుల్లో పెట్టడం రెండు హోస్టుల్లోనూ జరగాలి.

నమ్మకం కుదర్చడం

రెండు హోస్టులు ఒకదాన్నొకటి గుర్తించడానికి రెండు పద్ధతులు. కెర్బెరోస్ (డొమైన్ ద్వారా గుర్తింపు) అయితే పోర్టు 80, ఒకే డొమైన్ లేదా నమ్మకం ఉన్న డొమైన్లు కావాలి, డేటా ఎన్‌క్రిప్ట్ కాదు. సర్టిఫికెట్ అయితే పోర్టు 443, ఎన్‌క్రిప్ట్ అవుతుంది, డొమైన్‌లో లేని వర్క్‌గ్రూప్ హోస్టులకీ పనిచేస్తుంది. ఇక్కడ రెండు హోస్టులూ ఒకే డొమైన్‌లో ఉన్నాయి, కెర్బెరోస్ తేలిక. అయినా వద్దన్నాం. లింకు బయటి సంస్థ గుండా పోతుందన్నది ఒక కారణం. ఆ డొమైన్ కంట్రోలర్, డీఎన్‌ఎస్ (పేర్లకి ఐపీ అడ్రస్‌లు చెప్పేది) రెండూ పోయే హోస్టు మీదే ఉన్నాయన్నది ఇంకా పెద్ద కారణం. ఇల్లు తగలబడితే వాడాల్సిన తాళంచెవి ఆ ఇంట్లోనే పెట్టుకున్నట్టుంది.

అందుకే డొమైన్ కంట్రోలర్ వీఎంని అసలు రెప్లికేట్ చేయలేదు. రెండో కార్యాలయంలో ఇంకో డొమైన్ కంట్రోలర్ పెట్టి, డైరెక్టరీని తన పద్ధతిలో తననే సింక్ చేసుకోనిచ్చాం. రెప్లికా హోస్టులో లోకల్ అడ్మిన్ అకౌంట్ పనిచేస్తోందో లేదో లాగిన్ అయి మరీ చూశాం.

సర్టిఫికెట్‌కి షరతులు ఖచ్చితంగా ఉంటాయి. సబ్జెక్ట్‌లోనో ప్రత్యామ్నాయ పేర్లలోనో హోస్టు పూర్తి పేరు ఉండాలి. వాడకంలో సర్వర్ అథెంటికేషన్, క్లయింట్ అథెంటికేషన్ రెండూ ఉండాలి. మామూలు వెబ్ టెంప్లేట్‌తో తీస్తే రెండోది ఉండకపోవచ్చు. ప్రైవేట్ కీతో సహా కంప్యూటర్ పర్సనల్ స్టోర్‌లో ఉండాలి. రద్దయిన సర్టిఫికెట్ల జాబితా కూడా ప్రధాన కార్యాలయంలోని వీఎం మీదే ఉందని తెలిసి, దాని కాపీ రెండో చోట కూడా అందేలా మార్చాం. ఇక ఫైర్‌వాల్. హైపర్-వీ రెప్లికా లిజనర్ రూల్ విండోస్‌లో ముందే ఉంటుంది గానీ ఆఫ్‌లో ఉంటుంది. రెప్లికా హోస్టులో ఆన్ చేసి ఆగిపోతారు చాలామంది. తిరుగు రెప్లికేషన్ కావాలంటే ప్రైమరీని కూడా రెప్లికా సర్వర్‌గా అనుమతించాలి, అక్కడా రూల్ ఆన్ చేయాలి, అక్కడా సర్టిఫికెట్ ఉండాలి, అవతలి హోస్టు పేరు అనుమతుల్లో ఉండాలి.

ఫెయిలోవర్ పరీక్ష

రెండో కార్యాలయం సబ్‌నెట్ (ఐపీ అడ్రస్‌ల వరస) వేరు. ఫెయిలోవర్ ఐపీ అడ్రస్‌ని వీఎం నెట్‌వర్క్ సెట్టింగుల్లో ముందే ఇస్తే, లేచేటప్పుడు హైపర్-వీ దాన్ని వీఎంలోకి ఎక్కిస్తుంది. లెగసీ నెట్‌వర్క్ అడాప్టర్‌కి ఇది పనిచేయదు. విండోస్ వీఎంలు వెంటనే కొత్త ఐపీ తీసుకున్నాయి. లినక్స్ పోర్టల్ పాత ఐపీతోనే లేచింది, దానిలో హైపర్-వీ డీమన్ల (హైపర్-వీతో మాట్లాడే చిన్న ప్రోగ్రాముల) ప్యాకేజీ లేదు. అది వేశాక సరైంది. డీఎన్‌ఎస్‌లో ఆ పేర్ల టీటీఎల్‌ని (పాత అడ్రస్‌ని గుర్తుపెట్టుకునే సమయాన్ని) 5 నిమిషాలకు దించాం.

టెస్ట్ ఫెయిలోవర్‌ని విడి వర్చువల్ స్విచ్ మీద చేయాలి, లేకపోతే రెండు డేటాబేస్ సర్వర్లు ఒకే నెట్‌వర్క్‌లో కలుసుకుంటాయి. కానీ విడి స్విచ్‌లో డొమైన్ కంట్రోలర్ ఉండదు, అది లేకుండా అకౌంట్స్ అప్లికేషన్ లాగిన్ అవదు. రెండో డొమైన్ కంట్రోలర్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ కాపీని విడి స్విచ్‌లోనే లేపి, పరీక్ష అయ్యాక చెరిపేశాం. ఆ కాపీ అసలు నెట్‌వర్క్‌ని పొరపాటున కూడా తాకకూడదు. మెమరీకి ఆ రోజు పక్కన పెట్టిన 8 జీబీ పనికొచ్చింది.

సెలవు రోజున పోర్టల్‌నీ ఫైల్ సర్వర్‌నీ ప్లాన్డ్ ఫెయిలోవర్‌తో (ముందే అనుకుని, ఇటు వీఎంని ఆపి చేసేది) నిజంగానే అటు మార్చి, తిరుగు రెప్లికేషన్ నడిపి, ఇటు వెనక్కి తెచ్చాం. గంటలోపు అన్న కోరిక నెరవేరింది. అప్లికేషన్ కొంచెం నెమ్మదిగా నడుస్తుందని ముందే చెప్పి ఉంచాం.

ఐదు నిమిషాల విషయంలో మాత్రం మాట సవరించాల్సి వచ్చింది. 5 నిమిషాల వ్యవధి పెడితే పోయే డేటా 5 నిమిషాలది అని అనుకుంటారు. పోగైన లాగ్ అవతలికి పూర్తిగా చేరేలోపు హోస్టు పోతే ఆ విడత మొత్తం పోయినట్టే, దాని తర్వాత పోగవుతున్నదీ పోయినట్టే. చెడ్డ సందర్భంలో 10 నిమిషాల దగ్గరకి వెళ్తుంది. "అయితే 30 సెకన్లు పెట్టండి" అన్నారు. పగటి హద్దులో 30 సెకన్లకి పోగలిగేది 225 మెగాబైట్లు. అకౌంట్స్ వాళ్లు బిల్లుల పోస్టింగ్ నొక్కితే 20 సెకన్లలో దాదాపు 600 మెగాబైట్ల రాతలు పడుతున్నాయి. 5 నిమిషాల విడతలో అది కలిసిపోతుంది, 30 సెకన్ల విడతలో రోజంతా విడతలు తప్పుతాయి. తప్పినవి 20 శాతం దాటితే హెల్త్ వార్నింగ్‌లోకి వెళ్తుంది. రోజూ వార్నింగ్ చూసే టీమ్ కొన్నాళ్లకి దాన్ని చూడటం మానేస్తుంది. పగటి హద్దు ఎత్తేసినా పోయేది 375 మెగాబైట్లే. లింకు కనీసం రెట్టింపు అయ్యాక డేటాబేస్ ఒక్కదానికే 30 సెకన్లు పెడదామని, అప్పటిదాకా ఒప్పందంలో "10 నిమిషాలు" అని రాయమని చెప్పాం. రాశారు.